కృతికర్త, కృతిభర్త, పేరు లేని పాట

తెలుగు సాహిత్య చరిత్ర చదవడం మొదలుపెట్టిన విద్యార్థికి తొలి రోజుల్లోనే ఎదురయ్యే మాటలు రెండున్నాయి: కృతికర్త, కృతిభర్త. కావ్యం రాసినవాడు కర్త, అంకితం పుచ్చుకున్నవాడు భర్త. మనుచరిత్రకు అల్లసాని పెద్దన కర్త, శ్రీకృష్ణదేవరాయలు భర్త. పోషించిన రాజు పేరు కావ్యంలో లేకపోలేదు. అవతారికలో ఉంటుంది, షష్ఠ్యంతాలలో ఉంటుంది, ఆశ్వాసాల మొదటా చివరా సంబోధనలలో ఉంటుంది. అయినా మనుచరిత్ర ఎవరిదని అడిగితే పెద్దనదనే చెబుతాం. పోషణ ఎంత గొప్పదైనా అది కర్తృత్వం కాలేదు. ఈ విషయంలో మన పూర్వులకు తికమక లేదు.

ఇంటర్నెట్టు ద్వారా పాటల ఫైళ్లను ఒకరికొకరు పంచుకోవడం గురించీ, కాపీరైటు చట్టం దానిని అడ్డుకోవడం గురించీ పాతికేళ్లుగా సాగిన వాదోపవాదాలను ఈ రెండు మాటల వెలుగులో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. న్యాయశాస్త్రం నా విషయం కాదు. అయితే చట్టం కూడా ఒక వచన గ్రంథమే. ఏ మాటను ఏ అర్థంలో వాడారు, ఎవరిని కర్త అన్నారు, ఎవరి పేరు చెప్పమన్నారు, ఎవరి పేరు వదిలిపెట్టారు అన్నవి సాహిత్య విద్యార్థి అడగదగ్గ ప్రశ్నలే. అలా అడిగితే తేలేది ఇది: పాట ధర గురించి రెండు పక్షాలూ హోరాహోరీగా పోరాడాయి, పాట రాసినవాడి పేరు గురించి మాత్రం ఇద్దరూ పెద్దగా పట్టించుకోలేదు. తెలుగునాటికి వెలుపల ఉండి తెలుగు చదువుకుంటున్న మనకు ఆ పేరే ముఖ్యం. ఎందుకు ముఖ్యమో చివర చెబుతాను.

నాప్‌స్టర్ కథ

ముందుగా జరిగిన సంగతి. కాంపాక్ట్ డిస్కు మీద నాలుగు నిమిషాల పాట సుమారు 42 మెగాబైట్ల చోటు తీసుకుంటుంది. చెవికి అంతగా తెలియని అంశాలను తీసివేసి అదే పాటను నాలుగు మెగాబైట్లలోపు ఇమిడ్చే పద్ధతి ఎంపీత్రీ. 1990ల తొలి సంవత్సరాలలో ఖరారైన ఈ ప్రమాణం రూపొందడంలో జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులది ప్రధాన పాత్ర. టెలిఫోను తీగ మీద నడిచిన ఆనాటి ఇంటర్నెట్టులో 42 మెగాబైట్లు దించుకోవాలంటే గంటన్నర దాటేది. నాలుగు మెగాబైట్లకు పది నిమిషాలు చాలు. పాట ఇల్లు దాటి పోవడానికి దారి అలా ఏర్పడింది.

1999 జూన్‌లో అమెరికాలో షాన్ ఫానింగ్ అనే యువకుడు నాప్‌స్టర్ అనే సాఫ్ట్‌వేరును విడుదల చేశాడు. నాప్‌స్టర్ దగ్గర పాటలు లేవు, పాటల జాబితా మాత్రమే ఉంది. పుస్తకాలన్నీ సభ్యుల ఇళ్లలోనే ఉండి, కేటలాగు ఒక్కటే గ్రంథాలయంలో ఉన్నట్లు ఊహించుకోవచ్చు. పాట కావలసినవారు కేటలాగులో వెతుకుతారు, ఎవరి కంప్యూటరులో ఉందో తెలుసుకుని నేరుగా అక్కడినుంచే దించుకుంటారు. అదే ఏడాది డిసెంబరులో రికార్డు కంపెనీలు దావా వేశాయి. 2000 జూలైలో న్యాయమూర్తి మెరిలిన్ హాల్ పటేల్ ఇచ్చిన నిషేధాజ్ఞ వెంటనే అమలు కాకుండా నిలిచినా, 2001 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును చాలావరకు సమర్థించింది.

నాప్‌స్టర్ తన వాదనకు 1984 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పును ఆధారం చేసుకుంది. ఇంట్లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకునే వీడియో యంత్రానికి చట్టసమ్మతమైన ఉపయోగాలు తగినన్ని ఉన్నాయి కనుక, దాన్ని అమ్మిన సోనీ కంపెనీని కొన్నవారి తప్పులకు బాధ్యురాలిని చేయరాదని ఆ తీర్పు సారాంశం. అప్పీలు కోర్టు ఈ పోలికను పూర్తిగా ఒప్పుకోలేదు. నాప్‌స్టర్‌కు ఏమి జరుగుతున్నదో తెలుసు, జాబితా దాని చేతిలోనే ఉంది, కావాలనుకుంటే ఆపగలదు అన్నది. 2001 జూలైలో నాప్‌స్టర్ ఆగిపోయింది, మరుసటి ఏడాది దివాలా తీసింది.

ఆ తర్వాత కేటలాగు కూడా ఒకచోట ఉండని పద్ధతులు వచ్చాయి. అటువంటి గ్రోక్‌స్టర్ అనే సంస్థ మీద 2005 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెబుతూ, ఉల్లంఘనకు జనాన్ని ప్రోత్సహించే ఉద్దేశంతో సాధనాన్ని పంచినవారు బాధ్యులేనన్నది. ఈలోగా 2003 సెప్టెంబరు నుంచి రికార్డు కంపెనీల సంఘం మామూలు జనం మీదనే దావాలు మొదలుపెట్టింది. మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన ఒక మహిళ 24 పాటలు పంచినందుకు 2,22,000 డాలర్లు చెల్లించాలని 2007లో జ్యూరీ తేల్చింది. రెండోసారి విచారణ జరిగితే 2009లో ఆ మొత్తం 19,20,000 డాలర్లయింది. చివరకు 2012లో అప్పీలు కోర్టు మొదటి మొత్తాన్నే ఖాయం చేసింది. అంటే పాటకు 9,250 డాలర్లు. ఆమె మీద విచారణ జరిగే నాటికి ఐట్యూన్స్ దుకాణంలో పాట ధర 99 సెంట్లు.

ఈ కథలో సాధారణంగా చర్చకు రాని చిన్న ఘట్టం ఒకటుంది. 2001 మార్చిలో కోర్టు సవరించిన ఉత్తర్వు ప్రకారం కంపెనీలు తమ పాటల వివరాలు ఇవ్వాలి, నాప్‌స్టర్ వాటిని జాబితానుంచి తొలగించాలి. ఇవ్వవలసిన వివరాలేమిటి? పాట పేరు, పాడిన కళాకారుడి పేరు, ఫైలు పేరు, తామే హక్కుదారులమన్న ధ్రువీకరణ. ఈ పట్టికలో రచయిత లేడు, స్వరకర్త లేడు. దీనికి సభ్యులు కనిపెట్టిన విరుగుడు మరీ విడ్డూరం. తొలగింపుకు దొరకకుండా పేర్లను కావాలనే తప్పుగా రాయడం, అక్షరాలు తారుమారు చేయడం మొదలుపెట్టారు. పాటను బతికించుకోవడానికి దాని పేరు చెడగొట్టారు. కంపెనీలు హక్కు చాటుకోవడానికి పేరు వాడుకున్నాయి, జనం తప్పించుకోవడానికి పేరు మార్చారు. కర్త ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఫైలులో కవికి గది లేదు

ఆ రోజుల్లో ఎంపీత్రీ ఫైలు చివర పాట వివరాలు రాసుకోవడానికి ఒక చిన్న పెట్టె ఉండేది. 1996లో వచ్చిన ఈ ఏర్పాటు పేరు ఐడీత్రీ. దానిలో మొత్తం 128 అక్షరాలకు చోటు. మొదటి మూడూ గుర్తుకు పోగా, పాట పేరుకు 30, కళాకారుడికి 30, ఆల్బముకు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, పాట ఏ రకమో చెప్పే సంఖ్యకు ఒకటి. లెక్క సరిపోయింది. ఇందులో రచయితకు గది లేదు. స్వరకర్తకూ లేదు. పైగా అది రోమన్ లిపికోసం చేసినది గనుక తెలుగు అక్షరాలలో రాయడానికి వీలులేదు. 1998లో వచ్చిన రెండో రూపంలో స్వరకర్తకు, రచయితకు విడివిడిగా గదులు ఏర్పడ్డాయి. కాని గది ఉన్నంత మాత్రాన అందులో దీపం పెట్టేవారుండాలి కదా. మన పాటల ఫైళ్లలో ఆ గదులు చాలావరకు ఖాళీగానే ఉండిపోయాయి.

పాశ్చాత్యుల పాప్ సంగీతంలో పాడేవారే చాలాసార్లు రాసినవారు, కట్టినవారు కూడా. అందుచేత 'కళాకారుడు' అన్న ఒక్క మాట అక్కడ ఎంతో కొంత సరిపోతుంది. మన సినిమా పాట అటువంటిది కాదు. రాసేది ఒకరు, బాణీ కట్టేది ఒకరు, పాడేది ఒకరు, తెర మీద పెదవులు కదిపేది ఇంకొకరు. ఈ నలుగురిని ఒకే గదిలో కుక్కితే చివరకు మిగిలేది తెర మీది ముఖమే. రామారావు పాట, నాగేశ్వరరావు పాట అనడం మనకు ముందే అలవాటు. ఫైలు ఆ అలవాటును స్థిరం చేసింది.

అంతకుముందు ఈ పేర్లు ఎక్కడుండేవి? సినిమా టైటిళ్లలో ఉండేవి. హాలు బయట అణాలకు అమ్మిన పాటల పుస్తకంలో ఉండేవి. రికార్డు మీది గుండ్రని చీటీలో కొంత, కేసెట్టు అట్ట మీద కొంత ఉండేవి. వివిధభారతి వంటి రేడియో కేంద్రాలలో పాటకు ముందు చిత్రం, రచన, సంగీతం, గానం వరసగా చెప్పేవారు. ఈ పేర్లన్నీ పాటకు బయట ఉన్నవే. పాటను ఫైలులోకి ఎక్కించినప్పుడు శబ్దం వచ్చింది, అట్ట వెనకే ఉండిపోయింది.

చట్టం ఎవరిని కర్త అన్నది

ఇప్పుడు మన దేశపు చట్టానికి వద్దాం. 1957 నాటి కాపీరైటు చట్టం 1958 జనవరి 21 నుంచి అమలులోకి వచ్చింది. దాని రెండో సెక్షను కర్త అంటే ఎవరో నిర్వచిస్తుంది. సాహిత్య రచనకు రచయిత కర్త, సంగీతానికి స్వరకర్త కర్త. సినిమాకు, ధ్వనిముద్రణకు మాత్రం కర్త నిర్మాత. పెట్టుబడి పెట్టి పూనుకున్నవాడు ఇక్కడ యజమాని అనిపించుకోవడంతో సరిపెట్టుకోలేదు, కర్త అని కూడా అనిపించుకున్నాడు. మన పరిభాషలో చెబితే కృతిభర్త కృతికర్త అయిపోయాడు. రాయలవారు మనుచరిత్ర తామే రాశామని అనలేదు. ఆముక్తమాల్యద తామే రాశారు గనుక అక్కడ కర్త అనిపించుకున్నారు. ఆ భేదం ఈ నిర్వచనంలో చెరిగిపోయింది.

నిర్మాతకు హక్కు ఉండకూడదని నా అభిప్రాయం కాదు. స్టూడియో అద్దె, వాద్యబృందం ఖర్చు, నష్టభయం అన్నీ అతనివే. అతనికి రాబడి రావాలి. అయితే రాబడి పొందే హక్కు వేరు, కర్త అన్న పేరు వేరు. ఈ రెండింటినీ కలిపినందువల్ల ఏమైందో 1977 నాటి సుప్రీంకోర్టు తీర్పులో చూడవచ్చు. నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాటకు, కట్టించుకున్న బాణీకి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు నిర్మాతేనని కోర్టు తేల్చింది. అదే తీర్పుకు చేర్చిన తమ అభిప్రాయంలో న్యాయమూర్తి కృష్ణయ్యర్, భారతీయ సంగీతంలో గాయకుడి గొంతుకు ఎంత విలువ ఉన్నా చట్టం అతనికేమీ ఇవ్వలేదని విచారం వెలిబుచ్చారు. ప్రదర్శకుల హక్కు మన చట్టంలోకి 1994 సవరణతో గాని రాలేదు.

52ఏ అనే సెక్షను ఒకటుంది. 1984లో దొంగ కేసెట్లను అరికట్టడానికి చేర్చారు. ధ్వనిముద్రణ మీద, దాని పెట్టె మీద తప్పనిసరిగా ఉండవలసిన వివరాలను అది చెబుతుంది. ముద్రణ చేసినవారి పేరు, చిరునామా ఉండాలి. కాపీరైటు యజమాని పేరు, చిరునామా ఉండాలి. మొదట వెలువడిన సంవత్సరం ఉండాలి. అంతే. పాట రాసినవారి పేరు లేకుండా కేసెట్టు వేస్తే ఈ సెక్షను ప్రకారం తప్పులేదు. యజమాని చిరునామా లేకపోతే తప్పు.

చట్టం పట్ల న్యాయంగా ఉండాలంటే రెండోవైపు కూడా చెప్పాలి. 57వ సెక్షను ప్రకారం హక్కులన్నీ అమ్ముకున్నాక కూడా ఈ రచన నాదే అని చెప్పుకునే అధికారం రచయితకు మిగిలి ఉంటుంది. 2012 సవరణలో మరికొన్ని మంచి మార్పులు వచ్చాయి. సినిమా హాలులో ప్రదర్శన మినహా తక్కిన ఉపయోగాలకు రచయితకు, స్వరకర్తకు సమానవాటా రాయల్టీ దక్కాలనీ, దానిని ముందుగానే వదులుకున్నట్లు రాయించుకోవడం చెల్లదనీ చట్టం చెప్పింది. ఇందుకోసం రాజ్యసభలో గట్టిగా నిలబడినవారిలో కవి జావేద్ అఖ్తర్ ముఖ్యులు. ఫైలులో ఉన్న కర్త పేరు, ప్రదర్శకుల పేరు వంటి హక్కు వివరాలను తెలిసి తొలగించడం కూడా అదే సవరణతో శిక్షార్హమయింది.

కాని ఉన్న పేరును తీసేస్తేనే నేరం. అసలు పేరే రాయకపోతే? అప్పుడు రచయిత తానే కోర్టుకు వెళ్లాలి. చనిపోయిన రచయిత వెళ్లలేడు. 2012 వరకు అతని వారసులకు కూడా ఇది మావారి రచన అని దావా వేసే వీలు చట్టం ఇవ్వలేదు. ఒక పాట అక్రమంగా పంచినందుకు ఎన్ని దావాలు పడ్డాయో, ఒక కవి పేరు వదిలేసినందుకు ఎన్ని పడ్డాయో తూచి చూస్తే చట్టం మనసు ఎటు మొగ్గిందో తెలుస్తుంది.

మూడు గడియారాలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. 'జగదేకవీరుని కథ' 1961లో విడుదలయింది. పాటలు రాసినది పింగళి నాగేంద్రరావు, సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు. అందులోని ఒక పాట ఆ ఏడాదే రికార్డుగా వెలువడిందనుకుంటే దాని హక్కులకు మూడు గడియారాలు నడుస్తాయి. ధ్వనిముద్రణకు, వెలువడిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. అంటే 2021 చివరితో ముగిసింది. సాహిత్యానికి, కవి మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. పింగళి 1971లో కన్నుమూశారు గనుక 2031 చివరిదాకా ఉంటుంది. సంగీతానికీ అదే లెక్క. పెండ్యాల 1984లో పోయారు గనుక 2044 చివరిదాకా ఉంటుంది.

అంటే ఆ పాట రికార్డు మీది హక్కు తీరిపోయినా, అందులోని మాటల మీద, బాణీ మీద హక్కు తీరలేదు. పాత రికార్డు కదా, ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు అనుకోవడం పొరపాటు. 2025 జనవరి 1 నాటికి 1964లోను, అంతకుముందు వెలువడిన ధ్వనిముద్రణల గడువు తీరింది. ఆ మాట ముద్రణకే వర్తిస్తుంది, పాటకంతటికీ కాదు.

ఈ లెక్కలో ఇంకొక విశేషం ఉంది. కవి తన హక్కును నిర్మాతకు ఇచ్చేసినా గడువు మాత్రం కవి మరణం నుంచే లెక్కకడతారు. హక్కు యజమానిది, గడియారం కవి ఆయుర్దాయానిది. మరి ఆ గడువు ఎప్పుడు తీరుతుందో తెలియాలంటే కవి ఎవరో తెలియాలి. పేరు పోయిన పాటకు గడువు లెక్కపెట్టడం ఎవరి తరం? కర్త తెలియని, ఆచూకీ దొరకని రచనల విషయంలో అనుమతి కోసం దరఖాస్తు చేసుకునే మార్గాన్ని 31ఏ సెక్షను చూపుతుంది. చిన్న ఊళ్లో పాత కేసెట్లు పోగుచేసుకున్న అభిమానికి అది సులభమైన దారి కాదు. పేరును నిర్లక్ష్యం చేసిన చట్టం చివరకు తన లెక్కలకే ఆ పేరు అవసరమై చిక్కుపడింది.

పాట అందరిదీ అనే వాదం

ఫైళ్ల పంపకాన్ని సమర్థించేవారు మన దేశంలో తరచు చెప్పే మాట ఒకటుంది. మన సంప్రదాయంలో పాట ఎవరి సొత్తూ కాదు, నోటినుంచి నోటికి పారింది, కాపీరైటు అనేది పరాయి ఊహ అంటారు. ఈ మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ముందు ఒప్పుకోవాలి.

త్యాగరాజు తిరువయ్యారులో పాడినది శిష్యుల నోట, శిష్యుల రాతప్రతులలో నిలిచింది. వాలాజపేట వేంకటరమణ భాగవతుల వంశంలో దాచుకున్న ప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. సుబ్బరామ దీక్షితులు 1904లో తమిళదేశంలోని ఎట్టయాపురంలో ప్రకటించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలో అచ్చయింది. తెలుగు పాట తెలుగు సీమకు బయటనే పుట్టి, పెరిగి, రాతకెక్కిన చరిత్ర ఇది. ఎవరినీ అనుమతి అడగకుండా ఒకరినుంచి ఒకరు రాసుకోకపోయి ఉంటే ఇందులో ఎంత మిగిలేదో చెప్పలేం.

అయితే రెండో సగం మాటేమిటి? ఆ పాటలలో పేరు లోపలే ఉంది. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు, త్యాగరాజ కృతిలో త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితుల కృతిలో గురుగుహుడు ముద్రలుగా నిలిచారు. కావ్యానికైతే ఆశ్వాసాంత గద్య ఉంది. కవి ఎవరి కొడుకో, ఏ బిరుదు గలవాడో, కావ్యం పేరేమిటో అందులో చెబుతాడు. తాటాకు ప్రతిని ఎత్తిరాసిన లేఖకుడు ఆ గద్యనూ ఎత్తిరాశాడు. సుబ్బరామ దీక్షితులు కృతులకు స్వరాలు ఇచ్చి ఊరుకోలేదు, వాగ్గేయకారుల చరిత్రలు కూడా రాసి చేర్చారు. అంటే మనవాళ్లు పాటను స్వేచ్ఛగా పంచారు, పేరుతోసహా పంచారు. ముద్ర ఉన్నంత మాత్రాన మోసం లేదనడం లేదు; త్యాగరాజ ముద్ర ఉన్న కృతుల్లో కొన్ని ఆయనవి కావేమోనని పండితులు సందేహించారు. అటువంటి సందేహం వచ్చి విచారణ జరిగిందంటేనే కర్త ఎవరన్నది వారికి లెక్కలోని సంగతి అని అర్థం.

ఇక జీవనోపాధి మాట. వాగ్గేయకారుడికి గుడి, రాజు, జమీందారు, ఉంఛవృత్తి ఏదో ఒక ఆధారం. సినిమా కవికి పాటకు ఇచ్చే పారితోషికమే ఆధారం. అందుచేత పాత పంపకాన్ని చూపించి కొత్త పంపకాన్ని పూర్తిగా సమర్థించలేం. పాతవారు పేరు నిలిపారు, ధర అడగలేదు. చట్టం ధర నిలిపింది, పేరును కర్త ఓపికకు వదిలేసింది. ఫైళ్లు పంచుకున్నవారు ధర ఇవ్వలేదు, పేరూ నిలపలేదు. మూడింటిలో చివరిదాన్ని సంప్రదాయం అనడం సంప్రదాయానికి మర్యాద కాదు.

ఫైళ్ల పంపకం వల్ల కంపెనీలు నిజంగా ఎంత నష్టపోయాయన్నది తేలని చర్చ. 2007లో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, ఒబర్‌హోల్జర్-గీ, స్ట్రంఫ్, అమ్మకాల మీద దాని ప్రభావం సున్నాకు భిన్నమని గణాంకపరంగా చెప్పలేమన్నారు. ఇతరులు దాన్ని గట్టిగా ఖండించారు. ఆ చర్చ ఎటు తేలినా నా వాదన మారదు. ధరకు కలిగిన నష్టం లెక్కకట్టడానికి అర్థశాస్త్రం ఉంది. పేరుకు కలిగిన నష్టాన్ని లెక్కకట్టవలసినది సాహిత్య విద్యార్థే.

మనకెందుకీ గొడవ

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో పుట్టిన తెలుగు పిల్లలు చాలామంది బడిలో తెలుగు అక్షరం నేర్చుకోలేదు. తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీనో నేర్చుకున్నారు. ఇంటి మాట కాక వారికి తెలిసిన తెలుగు చాలావరకు పాటలోనిదే. తెలుగు రికార్డుల దుకాణం లేని ఊళ్లకు పాట ఈ ఫైళ్ల రూపంలోనే వచ్చింది. సీడీలమీద, పెన్‌డ్రైవులలో, తర్వాత ఫోనులో వచ్చింది. తెలుగు పుస్తకం దొరకని చోట అదే గ్రంథాలయమయింది. ఆ మేలును మరిచి, పంచుకున్నవారినందరినీ దొంగలనడానికి నాకు నోరు రాదు.

కాని ఆ గ్రంథాలయంలో పుస్తకాల మీద పేర్లు లేవు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ, ఆరుద్ర, దాశరథి, సి. నారాయణరెడ్డి సినిమాకు పాటలు రాశారు. వీరిలో ప్రతి ఒక్కరి వెనుకా ఒక కావ్యప్రపంచం ఉంది. పాట విని ఇష్టపడిన పిల్లవాడికి అది కృష్ణశాస్త్రి రాసినదని తెలిస్తే, ఒకనాటికి కృష్ణపక్షం వెతుక్కుంటాడు. శ్రీశ్రీ రాసినదని తెలిస్తే మహాప్రస్థానం అడుగుతాడు. ఆ పేరు లేకపోతే పాట దగ్గరే ఆగిపోతాడు. పాటకూ సాహిత్యానికీ మధ్య ఉన్న వంతెన ఆ ఒక్క పేరే. తెలుగుదేశంలో ఉన్నవారికి ఆ వంతెన తెగినా పాఠ్యపుస్తకం, పత్రిక, పొరుగింటి మాస్టారు ఏదో ఒక దారి ఉంటుంది. మనకు వేరే దారి తక్కువ.

ఇప్పుడు ఫైళ్లు దించుకోవడం తగ్గింది. చట్టసమ్మతమైన సేవల ద్వారా పాటను నేరుగా వినే అలవాటు పెరిగింది. ధర సమస్య కొంత తీరింది, పేరు సమస్య తీరలేదు. 2020లో హిందీ సినీగీత రచయితలు కొందరు కలిసి, మా పేరు వేయండని అడుగుతూ ఒక పాటే చేసి విడుదల చేశారు. అప్పటికి 57వ సెక్షను వయసు అరవై దాటింది.

మరి విద్యార్థి చేయగలిగింది ఏమిటి? చదువుకోసం, పరిశోధనకోసం, విమర్శకోసం చేసుకునే న్యాయమైన వినియోగానికి 52వ సెక్షను చోటిచ్చింది. తరగతిలో బోధనకు కూడా కొన్ని మినహాయింపులు ఇచ్చింది. లోకానికంతటికీ పంచే హక్కు అది కాదు, ఆ హద్దు గుర్తుంచుకోవాలి. ఆ హద్దులోనే చేయదగ్గ పని బోలెడుంది. మీ ఇళ్లలో, మీ బంధువుల ఫోనులలో ఉన్న పాత పాటల పట్టిక రాయండి. పాట మొదటి మాట, చిత్రం, సంవత్సరం, రచన, సంగీతం, గానం ఆరు గళ్లలో వేయండి. తెలుగు లిపి రాకపోతే మీకు వచ్చిన లిపిలోనే రాయండి. పాటల పుస్తకాలు, టైటిళ్లు, రికార్డు చీటీలు చూసి సరిపోల్చండి. తేలని గడిని ఊహతో నింపవద్దు, ఖాళీగానే ఉంచండి. పట్టిక రాయడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు. పాట మీద హక్కు ఎవరికైనా ఉండవచ్చు. ఇది ఫలానావారు రాశారన్న నిజం మీద కాపీరైటు లేదు.

లేఖకుడు గద్యను వదిలేసి ఉంటే మనకు ఎందరు కవులు మిగిలేవారో ఒకసారి ఆలోచించండి. ఈ కాలపు లేఖకులం మనమే.